చెయ్యి ఆగిన చోటు నుంచి మొదలుపెట్టండి

లిబ్రెఆఫీస్ పట్టికల ప్రోగ్రాం కాల్క్ తెరిచి ఒక గడిలో 12/3 అని కొట్టి ఎంటర్ నొక్కండి. భాష సెట్టింగు మన దేశపు ఇంగ్లిషులో ఉంటే అది మార్చి 12 అయి కూర్చుంటుంది. దాని కింద 112/2 అని కొట్టండి. అది చెక్కుచెదరదు. నూట పన్నెండో తేదీ ఏ నెలలోనూ లేదు కాబట్టి కాల్క్ దాని జోలికి పోదు. నెల్లూరు జిల్లా అల్లూరులోనో విడవలూరులోనో రొయ్యల గుంటల లెక్కలు రాసే కుర్రాడికి ఈ రెండూ సర్వే నంబర్లే. ఒకటి సరిగ్గా పడింది, ఒకటి తేదీ అయింది. "నంబరు ఏస్తే తేదీ అయిపోతా ఉండాదన్నా" అని పక్కనున్నాయన్ని అడుగుతాడు. "ఫార్మాట్ మార్చి చూడబ్బయ్యా" అంటాడాయన. ఫార్మాట్‌ని టెక్స్ట్‌కి మారిస్తే 12/3 తిరిగి రాదు సరికదా, ఐదంకెల సంఖ్య ఒకటి ప్రత్యక్షమవుతుంది. కాల్క్ ప్రతి తేదీనీ 1899 డిసెంబర్ 30 నుంచి ఎన్ని రోజులైందో లెక్కగట్టి దాచుకుంటుంది. తేదీ ముసుగు తీసేసరికి ఆ రోజుల లెక్క బయటపడింది. ఈ సంగతి తెలియని కుర్రాడికి మాత్రం మందు వేశాక రోగం ముదిరినట్టే ఉంటుంది.

దీనికి జవాబు లిబ్రెఆఫీస్ సహాయంలో ఉంది. ఎఫ్1 నొక్కితే ఆ సహాయం తెరుచుకుంటుంది. తేదీలా కనిపించేదాన్ని అక్షరాలుగానే ఉంచాలంటే ముందు ఒక అపాస్ట్రఫీ గుర్తు పెట్టమని, ఆ గుర్తు గడిలో కనిపించదని అందులో స్పష్టంగా రాశారు. రాసినవాళ్లు తప్పేమీ రాయలేదు. చిక్కల్లా ఆ పేజీ పేరుతోనే. 'డియాక్టివేటింగ్ ఆటోమేటిక్ ఛేంజెస్' అని పెట్టారు, అంటే తనంతట తాను జరిగే మార్పులను ఆపడం. ప్రోగ్రాం లోపలి నుంచి చూస్తే ఆ పేరు చక్కగా సరిపోతుంది. గుంట గట్టు మీద షెడ్డులో కూర్చున్నవాడికి అక్కడ ఆటోమేటిక్ మార్పు ఏదో జరిగిందని, దాన్ని ఆపవచ్చని తెలిస్తే కదా ఆ పేరుతో వెతికేది! అతనికి తెలిసిందల్లా తన నంబరు పోయి తేదీ వచ్చిందని. జవాబు తెలిసినవాడికి మాత్రమే దొరికే చోట జవాబు పెట్టారన్నమాట.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క దూరం గురించే. ప్రోగ్రాం రాసినవాడు నిలబడే చోటుకీ, వాడేవాడి చెయ్యి ఆగిపోయిన చోటుకీ మధ్య దూరం అది. దాన్ని పూడ్చడానికి కోడింగ్ రానక్కర్లేదు. ఆ మాటకొస్తే రాకపోవడమే కాస్త మేలు. కోడ్ తెలిసినవాడికి ఆ గుంత కనిపించదు, అలవాటుగా దాటేస్తాడు.

ఓపెన్ సోర్స్ లోకంలో ఇది పాత గోడే. 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో అరకొర డాక్యుమెంటేషన్ గానీ, అర్థంకాని డాక్యుమెంటేషన్ గానీ తమకు ఎదురైందని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, పని పంచుకునేవాళ్లలో 60 శాతం మంది డాక్యుమెంటేషన్ వైపు అరుదుగా వస్తామనో, అసలు రామనో అన్నారు. ఉచితంగా పనిచేసేవాళ్లు తమకు సరదా ఉన్న పనే చేస్తారు, అందులో తప్పులేదు. కాకపోతే ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. కావలి డిగ్రీ కాలేజీలో కామర్స్ చదివే అమ్మాయికో, ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థికో ఈ సాఫ్ట్‌వేర్లలో పేరు తెచ్చుకోవడానికి తెరిచి ఉన్న తలుపు ఇదే. ఇక్కడ చేసిన ప్రతి మార్పూ మీ పేరుతో, తేదీతో బహిరంగంగా నిలిచిపోతుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ బదులు లింకు చూపించవచ్చు. టెక్నికల్ రైటర్ అనే ఉద్యోగం ఒకటి ఉందని మన జిల్లాలో చాలామంది విద్యార్థులకు ఎవరూ చెప్పరు. ఉంది, జీతమూ ఉంది.

ఇక పనిలోకి వద్దాం. మొదటి పని రాయడం అనుకుంటారు. అది రెండో పని. మొదటిది పక్కన కూర్చోవడం.

ఆ సాఫ్ట్‌వేర్‌ని నిజంగా అవసరం కోసం వాడేవాళ్లను ఒకరిని పట్టుకోండి. గుంటల దగ్గర లెక్కలు రాసేవాళ్లు, పంచాయతీ ఆఫీసులో ఆపరేటరు, బడిలో మార్కుల జాబితా చేసే టీచరు, ఎవరైనా సరే. వాళ్ల పనే వాళ్లను చేసుకోనివ్వండి. మీరు ఉదాహరణ ఇవ్వొద్దు. "మీరు రోజూ చేసేదే చేయండి" అనండి, అంతే. తర్వాత నోరు కట్టేసుకోవాలి, అంతకన్నా ముఖ్యంగా చేతులు. వాళ్లు తప్పు మెనూలోకి వెళ్తుంటే మౌసు లాక్కోవాలనిపిస్తుంది. లాక్కున్నారా, ఆ పూటకి మీరు నేర్చుకునేది అయిపోయినట్టే. వాళ్లు ఎక్కడ ఆగారు, ఆగినప్పుడు ఏ మాట అన్నారు, తర్వాత ఏ మెనూ తెరిచారు, ఈ మూడూ రాసుకోండి. మాటను ఉన్నదున్నట్టుగా రాసుకోండి. 'డేట్ కన్వర్షన్ సమస్య' అని మీ నోట్సులోకి ఎక్కించారంటే మీరూ ప్రోగ్రామరు గట్టుకి చేరిపోయారు. 'నంబరు ఏస్తే తేదీ అయిపోతా ఉండాది' అన్నదాని నుంచే రేపు మీ పేజీకి శీర్షిక వస్తుంది.

మాన్యువల్ ఇస్తే వాళ్లు చదువుకోరా అని మీకు అనుమానం రావచ్చు. చదవరు. 1980ల్లో ఐబీఎం పరిశోధన కేంద్రంలో జాన్ కారల్ బృందం ఇదే చూసింది. అప్పుడప్పుడే వచ్చిన వర్డ్ ప్రాసెసర్లు నేర్చుకునేవాళ్లకు లావుపాటి పాఠాల పుస్తకం ఇస్తే, పుటలు దాటేసి నేరుగా ఉత్తరం టైపు చేయబోయారు. ఇరుక్కున్నాకే పుస్తకం వైపు చూశారు. దాని మీద కారల్ చెప్పిన ఉపాయం పుస్తకాన్ని కోసేయమని: ఉపోద్ఘాతాలు తీసేయండి, నిజమైన పనితో మొదలుపెట్టండి, తప్పు జరిగితే ఎలా బయటపడాలో అక్కడికక్కడే చెప్పండి. 1990లో ఆయన రాసిన 'ద నర్న్‌బర్గ్ ఫనల్' పుస్తకం సారాంశం దాదాపు ఇదే. ఈనాటి సహాయం పేజీల్లో చాలా ఇప్పటికీ 'ఈ ఫీచర్ మీకు ఎంతో శక్తిమంతమైన సౌలభ్యాన్ని అందిస్తుంది' అనే మొదలవుతున్నాయి. ఎఫ్1 నొక్కినవాడు పొగడ్త వినడానికి రాలేదు.

ఇప్పుడు ఆ సర్వే నంబరు పేజీ మన చేతికొస్తే ఎలా రాస్తాం? నేనైతే ఇలా రాస్తాను:

సర్వే నంబరు కొడితే తేదీగా మారిపోతోంది

12/3, 7/1 లాంటి నంబర్లు రోజు/నెలలా ఉంటాయి కాబట్టి కాల్క్ వాటిని తేదీ అనుకుంటుంది. 112/2 లాంటివి మారవు.

ఇంకా నంబర్లు కొట్టకపోతే: కాలం పైనున్న అక్షరం మీద నొక్కి మొత్తం కాలాన్ని ఎంచుకోండి. ఫార్మాట్ మెనూలో సెల్స్ తెరవండి. నంబర్స్ ట్యాబులో టెక్స్ట్ ఎంచుకుని ఓకే నొక్కండి. ఇప్పుడు కొట్టండి.

ఇప్పటికే తేదీ అయిపోతే: ఫార్మాట్ మారిస్తే పాత నంబరు రాదు, ఐదంకెల సంఖ్య వస్తుంది. ఫార్మాట్ టెక్స్ట్‌కి మార్చాక ఆ గడిలో నంబరు మళ్లీ కొట్టాలి.

ఒకటి రెండు గడులే అయితే: '12/3 అని ముందు గుర్తు పెట్టి కొట్టండి. గుర్తు గడిలో కనిపించదు.

మేత కిలోలు, కౌంటు, డబ్బు రాసే కాలాలకు టెక్స్ట్ పెట్టకండి. మొత్తం వేసినప్పుడు ఆ అంకెలు కూడికలోకి రావు.

అంతే పేజీ. 'ఇప్పటికే తేదీ అయిపోతే' అన్న పేరా చూడండి. చాలామంది రాసేవాళ్లు 'ముందే టెక్స్ట్ పెట్టుకోండి' అని చెప్పి ఊరుకుంటారు. కానీ సహాయం కోసం వచ్చేవాడు ఎప్పుడూ ముందు రాడు, పని చెడ్డాకే వస్తాడు. చెడిపోయిన స్థితి నుంచి దారి చూపించని పేజీ ఎంత సరిగ్గా ఉన్నా అతనికి అక్కరకు రాదు. చివరి వాక్యం కూడా నాకు ముఖ్యమే. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కి మొదటి మాన్యువల్ రాసినప్పుడు, ప్రతి కమాండు కింద 'బగ్స్' అని ఒక భాగం ఉంచారు. ఇది ఇక్కడ పనిచేయదు, ఇక్కడ దెబ్బతింటారు అని తమ సరుకు లోపాన్ని తామే చెప్పుకున్నారు. ఆ నిజాయితీ తర్వాతి తరాల మాన్యువళ్లలో పలచబడింది. సరుకు అమ్మే కంపెనీకైతే లోపం దాచుకోవడంలో లాభం ఉందేమో గానీ, ఓపెన్ సోర్స్‌కి ఆ మొహమాటం ఎందుకో నాకు తెలియదు.

ఇంకో ఉదాహరణ సముద్రం నుంచి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశం ఉన్న చోట్లను ఉపగ్రహాల ద్వారా, సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతనీ పచ్చదనాన్నీ చూసి, గుర్తించి తీరప్రాంత భాషల్లో ప్రకటిస్తుంది. ఆ సమాచారం ఇచ్చే తీరు సహాయం రాసే ప్రతివాడూ చూడవలసింది. బంగాళాఖాతం మొత్తాన్నీ మీ ముందు పరచి వెతుక్కోమనరు. మీరు పడవ దించే రేవు పేరుతో మొదలవుతుంది. ఆ రేవు నుంచి ఏ దిక్కు, ఎన్ని కిలోమీటర్ల నుంచి ఎన్ని కిలోమీటర్ల వరకు, అక్కడ లోతు ఎంత, ఆ తర్వాతే అక్షాంశ రేఖాంశాలు. శాస్త్రజ్ఞుడికి ముందు తెలిసేవి అక్షాంశ రేఖాంశాలే. అయినా వాటిని చివరికి నెట్టి, చదివేవాడి ఒడ్డును ముందుకు తెచ్చారు.

చిక్కు మొదలయ్యేది ఆ అంకెలు కంప్యూటర్లోకి వచ్చినప్పుడు. మత్స్య కళాశాల విద్యార్థి ఒకరు ఇలాంటి బిందువులను క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పటం మీద పెట్టాలనుకున్నారనుకోండి. ఎక్సెల్లోనో కాల్క్‌లోనో పట్టిక చేసి, సీఎస్‌వీగా దాచి, 'యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్' కిటికీ తెరుస్తారు. అక్కడ ఎక్స్ ఫీల్డ్, వై ఫీల్డ్ అని రెండు పెట్టెలు. మనం నోటితో చెప్పేటప్పుడు ల్యాట్-లాంగ్ అంటాం, అక్షాంశం ముందు. క్యూజీఐఎస్‌లో ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. నోటి అలవాటు ప్రకారం నింపారంటే మైపాడు బీచ్ పటం మీద కనిపించదు. మైపాడు ఉండేది సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. ఇవి తారుమారైతే ఉత్తర ధ్రువం వైపు, స్వాల్బార్డ్ దీవుల పైన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. తెర మీద నెల్లూరు జిల్లా చుట్టుపక్కలే చూస్తున్న విద్యార్థికి ఎర్రర్ ఏదీ రాదు, బిందువూ రాదు. ఏమీ జరగలేదనే అనుకుంటారు.

అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకోటుంది, ఎందుకంటే అందులో బిందువు కనిపిస్తుంది. 14 డిగ్రీల 20 నిమిషాలు అని ఉన్నదాన్ని 14.20 అని కొడతారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది 14.3333 కావాలి. తేడా 0.1333 డిగ్రీ. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, అంటే బిందువు దాదాపు 15 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోయింది. పటం అందంగానే ఉంటుంది, చుక్క సముద్రంలోనే ఉంటుంది, తప్పని పసిగట్టేవారు ఉండరు. ఆ చుక్కను నమ్మి ఫైబర్ బోటు వేసుకుని వెళ్లినవాడికి మాత్రం డీజిల్ లెక్కలో తెలుస్తుంది. అదే కిటికీలో 'డీఎంఎస్ కోఆర్డినేట్స్' అని ఒక టిక్ పెట్టె ఉంది, డిగ్రీలు నిమిషాలు సెకండ్లు ఉన్నదున్నట్టు రాసి ఆ టిక్ పెడితే క్యూజీఐఎస్సే మార్చుకుంటుంది. ఆ పెట్టె ఉందని చెప్పే పేజీ ఉంది. '15 కిలోమీటర్లు తేడా వస్తోందేమిటి' అని అడిగినవాణ్ని ఆ పెట్టె దాకా తీసుకెళ్లే పేజీ కావాలి. ఇలాంటి పేజీలు మన తీరం తెలిసినవాళ్లే రాయగలరు. కృష్ణపట్నం, జువ్వలదిన్నె, తూపిలిపాళెం పేర్లతో, నిజమైన అంకెలతో ఒక నమూనా సీఎస్‌వీ ఫైలు జతచేసి రాస్తే, పారిస్ వీధుల ఉదాహరణ కన్నా మన విద్యార్థికి పదింతలు పనికొస్తుంది.

ఇక్కడొక విభజన గుర్తుంచుకుంటే చాలు. డానియేలే ప్రొచిడా అనే ఆయన 'డయాటాక్సిస్' పేరుతో డాక్యుమెంటేషన్‌ని నాలుగుగా విడగొట్టాడు: చేయి పట్టి నేర్పే పాఠం, ఒక పని చేసే విధానం, వెతికి చూసుకునే సమాచారం, ఎందుకలా ఉందో చెప్పే వివరణ. ఈ నాలుగింటినీ ఒకే పేజీలో కలిపితే చదివేవాడు మునిగిపోతాడు. మీరు మొదట రెండోది మాత్రమే రాయండి, మిగతావి వాటంతటవే వస్తాయి.

తెలుగులో రాయాలా, ఇంగ్లిషులోనా? రెండూ రాయాలంటాను గానీ, ముందు ఇంగ్లిషు మూలాన్ని బాగుచేయమంటాను. మూలంలో ఉన్న గందరగోళాన్ని తెలుగులోకి తెస్తే తెలుగు గందరగోళమే వస్తుంది. కంప్యూటర్ తెర మీద తెలుగు కోసం కష్టపడినవాళ్లకు మనం బాకీ ఉన్నాం. స్వేచ్ఛ అనే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టం వచ్చింది. లిబ్రెఆఫీస్ మెనూలు తెలుగులో ఉన్నాయి. వీవెన్ తయారుచేసిన లేఖినిని చూడండి: తెలుగు టైపు చేసే పెట్టె ఉన్న పేజీలోనే ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో పట్టిక ఉంటుంది. సహాయం కోసం ఇంకో పేజీకి వెళ్లనక్కర్లేదు. 'క్ష' రాక చెయ్యి ఆగితే కన్ను కిందికి దించితే చాలు. సహాయం ఎక్కడ ఉండాలో దాని మీద నాకు తెలిసిన మంచి తెలుగు ఉదాహరణ అదే.

తెలుగు పేజీ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. మీ పాఠకుడి తెర మీద మెనూలు ఏ భాషలో ఉన్నాయో కనుక్కోండి. ఇంగ్లిషు మెనూలు వాడేవాడికి తెలుగు మెనూ పేర్లతో దారి చెబితే ఆ పేరు వెతుక్కుంటూ ఉండిపోతాడు. ఇంకో చిన్న సంగతి: కాల్క్ సూత్రాలను లిబ్రెఆఫీస్ రైటర్లో టైపు చేస్తే నిటారు కొటేషన్ గుర్తులను అది వంకర గుర్తులుగా మార్చేస్తుంది. మీ పేజీ నుంచి కాపీ చేసుకుని కాల్క్‌లో పెట్టినవాడికి సూత్రం పనిచేయదు, కారణం కంటికి కనిపించదు. సూత్రాలు మామూలు టెక్స్ట్ ఎడిటర్లో రాయండి.

రాశాక ఎక్కడికి పంపాలి? లిబ్రెఆఫీస్‌కైతే లోపాలు నమోదు చేసే బగ్జిల్లా సైటులో డాక్యుమెంటేషన్ విభాగం కింద నివేదిక పెట్టండి. 'ఈ పేజీ బాగాలేదు' అని రాస్తే ఎవరూ కదలరు. ఏ పేజీ, వాడేవాడు ఏం వెతికాడు, ఏం దొరికింది, దాని బదులు ఏ వాక్యం ఉండాలి, ఈ నాలుగూ ఇవ్వండి. ఏ వర్షన్‌లో చూశారో తప్పక రాయండి. అనువాదాలు వెబ్లేట్ అనే సైటులో జరుగుతాయి. క్యూజీఐఎస్ డాక్యుమెంటేషన్ గిట్‌హబ్‌లో ఉంటుంది, ఖాతా ఉంటే బ్రౌజర్ నుంచే మార్పు ప్రతిపాదించవచ్చు. మొదటిసారి ఒక వాక్యమే మార్చండి. పరిశీలించేవాళ్లు వాలంటీర్లు, జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు, వచ్చిన జవాబు పొడిగా ఉండవచ్చు. 'సార్, దయచేసి నా మార్పు ఆమోదించగలరు' అని రోజూ రాయడం వల్ల పని తొందరగా జరగదు. వాళ్లు అడిగిన సవరణ చేసి మళ్లీ పంపితే జరుగుతుంది.

పంపే ముందు ఒక పరీక్ష మిగిలింది. మీరు మొదట ఎవరి పక్కన కూర్చున్నారో వాళ్లకు కాకుండా, అదే పని చేసే ఇంకొకరికి ఆ పేజీ ఇవ్వండి. వాళ్లు చదువుతూ చేస్తుంటే మళ్లీ నోరు మెదపకుండా చూడండి. వాళ్లు ఆగిన ప్రతిచోటా లోపం మీ వాక్యంలోనే ఉంటుంది. "అట్ట కాదన్నా, ఇట్ట" అని మీరు చెప్పబోయి ఆపుకున్నదేదో అది పేజీలోకి ఎక్కవలసిన వాక్యం. రొయ్యల గుంటలవాళ్లయితే పట్టుబడి అయిపోయి గుంట ఎండబెట్టిన రోజుల్లో తీరిగ్గా దొరుకుతారు, పంట మీద ఉన్నప్పుడు రాత్రీ పగలూ ఏరియేటర్ల దగ్గరే ఉంటారు. ఇంజన్ బోట్లలో సముద్రానికి పోయేవాళ్లకు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డునే ఉంటాయి గానీ వాళ్లు ఖాళీగా ఉంటారనుకోకండి, వలలూ ఇంజన్లూ బాగుచేసుకునేది అప్పుడే. పొద్దున్నే పని మొదలెట్టక ముందో, సాయంత్రం ఎండ తగ్గాకో వెళ్లి, వాళ్ల ఫోన్లోనే, వాళ్ల జీపీఎస్‌లో ఉన్న బిందువులతోనే మీ పేజీని చూపించండి.